గేట్లెత్తిండ్రట, పోదామా?

కృష్ణా నది మహాబలేశ్వరం కొండల్లో పుడుతుందని బడిలో చెప్పిన పాఠాన్ని సవరించుకోవలసిన సమయం వచ్చింది. మహారాష్ట్ర సంగతి వాళ్లు చూసుకుంటారు. మన వరకైతే ఆ నది గద్వాల దగ్గరి జూరాల ప్రాజెక్టు గేటు లేచిన క్షణాన పుడుతుంది, గేటు దించగానే గతిస్తుంది. తంగిడి దగ్గర భీమను కలుపుకొని రాష్ట్రంలోకి వచ్చిన నీళ్లు జూరాల కట్ట వెనక ఎన్ని నెలలు నిలబడ్డా వాటిని నది అనే ఆచారం మనకు లేదు. టీఎంసీలంటాం. అవి 9.657 అయితే ప్రాజెక్టు నిండినట్టు. నిండితే లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. గేటు లేస్తే మొదటి పేజీ, రంగుల ఫొటోతో సహా.

ఈ సిద్ధాంతానికి రుజువు ఏటా వానకాలంలో దొరుకుతుంది. హైదరాబాదులో ఏ పాలమూరోళ్ల ఇంట్లోనైనా ఆ నాలుగు రోజులు ఇలాంటి సంభాషణ వినిపిస్తుంది.

“అత్తమ్మా, జూరాల గేట్లెత్తిండ్రట. మీరు గూడ రాండ్రి.”

“ఎన్ని ఎత్తిండ్రు బిడ్డా?”

“పదిహేడు.”

“గంతేనా? ఇంకో పది ఎత్తినంక పోదాం తియ్.”

ఈ వివేచనను తక్కువగా చూడకూడదు. అరవై పైచిలుకు గేట్లున్న ప్రాజెక్టుకు పదిహేడు గేట్లప్పుడే పోయి వస్తే, మర్నాడు పక్కింటివాళ్లు నలభై గేట్లు చూసి వచ్చి కూర్చుంటారు. ఆ అవమానాన్ని జన్మంతా మోయాలి. అందుకే మన పర్యాటకుడు ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, క్యూసెక్కుల లెక్కలు నీటిపారుదల ఇంజనీర్ల కంటే శ్రద్ధగా చదువుతాడు. లక్ష దాటితే బండికి డీజిల్ కొట్టిస్తాడు.

ఇక దర్శన విధానం. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద ఎర్రవల్లి చౌరస్తా దాకా వచ్చి కుడికి తిరగాలి. అంతకు ముందే బీచుపల్లి వంతెన మీద కింద కనిపించేది కూడా కృష్ణే. అయితే అక్కడ గేట్లు లేవు. కాబట్టి ఆంజనేయస్వామికి బండిలోంచే ఒక దండం, నదికి అది కూడా లేదు. జూరాల చేరాక మొదట చేపలు చెప్పాలి, తర్వాత గేట్లు చూడాలి. వరస తప్పితే చేపలు అయిపోతాయి. వేపుడు ఒక ప్లేటు, పులుసు ఒక గిన్నె, జొన్న రొట్టెలు ఎన్ని దొరికితే అన్ని. ఆ చేప రుచి గురించి మాత్రం ఈ వ్యాసకర్త వ్యంగ్యానికి సాహసించడు. తిన్నవాళ్లకు తెలుసు.

తర్వాత కట్ట మీదికి. అది గద్వాల, ఆత్మకూరు వైపుల మధ్య రాకపోకల రోడ్డు కూడా అన్న సంగతి ఆ రోజుకు రద్దవుతుంది. బస్సులో కూర్చున్న ఆత్మకూరు ముసలాయన ఆస్పత్రికి పోతున్నాడో కూతురింటికి పోతున్నాడో, ముందు ఇన్నోవావాళ్ల రీల్ పూర్తి కావాలి. తుంపర మీద పడాలి, జుట్టు ఎగరాలి, నదికి వీపు పెట్టి నదిని చూసినట్టు ముఖం పెట్టాలి. ఇది తేలికైన విద్య కాదు.

అక్కణ్నుంచి గద్వాల పట్టణం ఎంతో దూరం లేదు. అయినా పోరు. అడిగితే “ఆడ ఏమున్నది?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఉన్నది మట్టికోట. సోమనాద్రి కట్టించాడు. లోపల చెన్నకేశవస్వామి గుడి, డిగ్రీ కాలేజీ ఉన్నాయి. రాజు తన కాలంలో యుద్ధాలన్నీ ఆలోచించి కట్టాడు గానీ కోటకు నీళ్లు దూకే గేటు ఒక్కటీ పెట్టించలేదు. ముందుచూపు లేని పాలనకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఒకప్పుడు విద్వద్గద్వాల అని పండితులు పొగిడిన ఊరే. పండితులు సెల్ఫీ దిగేవాళ్లు కాదు కాబట్టి వాళ్ల సాక్ష్యం చెల్లదు.

నేత సంగతి ఇంకా దయనీయం. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. తిరుమల వేంకటేశ్వరుడికి బ్రహ్మోత్సవాల వేళ పోయే ఏరువాడ జోడు పంచెలు ఇక్కడి మగ్గం మీదే, నియమనిష్ఠలతో నేస్తారు. రెండు ఏర్ల నడుమ నేలలో నేసినవని ఆ పేరు. అంటే సాక్షాత్తు స్వామివారికి గద్వాల కావాలి. గద్వాల చీరే కట్టుకొని జూరాలకు వచ్చిన అమ్మగారికి మాత్రం పన్నెండు గంటలకల్లా వెనక్కి బయలుదేరకపోతే టోల్ గేటు దగ్గర రద్దీ. అన్ని గేట్లూ చూడాలి కదా.

అలంపురం వరకు పోయే సాహసికులు కొందరుంటారు. తుంగభద్ర ఒడ్డున, బాదామి చాళుక్యుల నాటి తొమ్మిది గుళ్లు, ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటి పని. పేరు నవబ్రహ్మ, లోపలున్నది శివుడు. ఈ చిక్కుముడి విప్పుకునేంత తీరిక మనకు లేదు కాబట్టి ‘అలంపురే జోగులాంబా’ అనుకుంటూ అమ్మవారిని దర్శించుకొని, ప్రసాదం తీసుకొని, చెట్టు కింద పులిహోర విప్పుతాం. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది శిల్పాలు పదమూడు వందల ఏండ్లుగా ఎవరైనా చూస్తారని నిలబడే ఉన్నాయి. ఇంకొంత కాలం నిలబడగలవు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోటున్న సంగమేశ్వరుడి గుడినైతే శ్రీశైలం ముంపు నుంచి తప్పించి, రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టారు. చూడటానికి మనం పోకపోతే గుడే మన దారికి వచ్చిందన్నమాట. అయినా దిగం. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర స్వయంగా ఊళ్లోకే నడిచి వచ్చింది. అంత నీళ్లుండి కూడా ఆ వారం పర్యాటకుల రద్దీ లేకపోవడం గమనార్హం.

ఒక విధంగా మన పర్యాటకుడు పోకపోవడమే ఆ రాళ్లకు మేలేమో. పాలమూరు పిల్లలమర్రిని అడగండి. ఏడు వందల ఏండ్ల చెట్టు, కొన్ని ఎకరాల నీడ. తరతరాలుగా ఊడలకు ఊగి, కొమ్మల మీద కూర్చొని, మానుకు తమ పేర్లూ ప్రియురాళ్ల పేర్లూ చెక్కి మనం చూపిన ప్రేమకు, పైగా చెదలు కూడా తోడై, 2017 చివర్లో కొమ్మ విరిగింది. సందర్శన ఆపేశారు. మరుసటి ఏడు చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. కోలుకుంటున్నది. జూరాల గేట్లు ఇనుపవి కాబట్టి మన ప్రేమను తట్టుకుంటున్నాయి.

నీళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకా ఉన్నారని, తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కాలువ చివరి ఊళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని కొందరు వాదిస్తారు. కాగితం మీద 87,500 ఎకరాల ఆయకట్టు. అలంపురం రైతులు ఏండ్ల తరబడి కాలువ వైపు చూస్తూనే ఉన్నారు. కానీ చూడటానికి వాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే ఉన్నారు. పర్యాటకుడి నిర్వచనం కిందికి రారు.

గుర్రంగడ్డ సమస్య కాస్త సున్నితమైనది. గద్వాలకు దగ్గర్లో, కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట, నడుమ దీవి మీద ఊరు. ఊళ్లో మనుషులు, బడి పిల్లలు, గర్భిణులు. మామూలు రోజుల్లో పుట్టో పడవో. పైన గేట్లు లేచి, కట్ట మీద ఈలలు మోగే వేళకు వాళ్లకు ఒడ్డు తెగిపోతుంది. వంతెన మాట ఏండ్లుగా నలుగుతున్నది. డ్రోన్ కెమెరాకు మాత్రం ఆ దీవి ఎంత బాగా కనిపిస్తుందో చెప్పనలవి కాదు. చుట్టూ ఎర్రటి వరద, నడుమ పచ్చటి ఊరు. వంతెన పడితే ఆ అందం దెబ్బతింటుందని ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా పని ఆ మర్యాదలోనే నడుస్తున్నది.

ఇంత విచారించాక తేలింది ఒక్కటే. జోగులాంబ గద్వాల జిల్లా పర్యాటక రంగం 2016లో ఏర్పడిన ఆ జిల్లా కార్యాలయాల చేతుల్లో లేదు, హైదరాబాదులోనూ లేదు. కర్ణాటకలో, ఆల్మట్టి, నారాయణపూర్ కట్టల మీద ఉన్న ఇంజనీర్ల చేతుల్లో ఉన్నది. వాళ్లు ఎప్పుడు వదిలితే అప్పుడే మనకు నది, అప్పుడే మనకు చేపల బేరం, ట్రాఫిక్ జాం. పాపం, ఆ సంగతి వాళ్లకు తెలియక మంగళవారం, బుధవారం అని చూడకుండా వదిలేస్తున్నారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఎట్లా రావాలి?

కనుక రాష్ట్రాల మధ్య చర్చలు ఈసారి జరిగినప్పుడు నీటి వాటాలతో పాటు వారం సంగతి కూడా తేల్చాలని మనవి. ఆదివారం పొద్దుటికి వరద జూరాల అందుకునేలా పైన లెక్క వేసుకొని వదలాలి. రెండో శనివారం కలిసి వస్తే మరో పది గేట్లకు సరిపడా కలపాలి. ఆదివారం రాత్రికల్లా తగ్గించాలి. సోమవారం గుర్రంగడ్డ పిల్లలకు బడి ఉంటుంది.