హార్మోన్ మాత్రల గురించి ఒక మాట
రొమ్ము క్యాన్సర్‌కి వాడే హార్మోన్ మాత్రల మీద వచ్చిన వ్యాసంలో దుష్ప్రభావాల చిట్టా చాంతాడంత ఉంది, ప్రయోజనాన్ని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. బయాప్సీలో ఈస్ట్రోజన్ రిసెప్టార్ పాజిటివ్ (అంటే ఈస్ట్రోజన్ హార్మోన్ సాయంతో పెరిగే రకం) అని తేలినవాళ్లు 5 ఏళ్లు టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడితే, మొదటి 5 ఏళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది. ఇది చిన్న విషయమా?

మా అక్కకి నెలసరి ఆగిపోయింది కాబట్టి లెట్రోజోల్ అనే ఇంకో హార్మోన్ మాత్ర రాశారు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. ఇక మానేస్తానని టెన్షన్ పెట్టేసింది. డాక్టరు గారు మందు మార్చి, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించి, కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. ఇప్పుడు కాస్త నయం.

అన్నట్టు, టామాక్సిఫెన్ వాడేవాళ్లు డిప్రెషన్‌కి పారాక్సిటిన్ వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. అది టామాక్సిఫెన్ పనిచేయకుండా అడ్డుపడొచ్చు.