మాట వచ్చేదాకా ఎదురుచూస్తే ఎలా?

కంచం తోసేసిన బిడ్డను మొండి అంటాం. తల గోడకు కొట్టుకుంటే జబ్బు ముదిరిందంటాం. కడుపునొప్పి అనో, ఇక చాలు అనో చెప్పడానికి ఆ బిడ్డకు మరో దారి మనమెవరమైనా నేర్పామా? చూపూ వినికిడీ రెండూ లోపించిన పిల్లలకు, సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేని స్థితితో) పాటు బుద్ధిమాంద్యం కూడా ఉన్న పిల్లలకు ముందుగా అందాల్సిన చదువు అదే.

వీరి విషయంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టంగానే ఉంది. నోటిమాటకు తోడుగా ఇతర సంభాషణ పద్ధతులను ప్రోత్సహించే బాధ్యతను 17వ సెక్షన్ ప్రభుత్వాలపైనే పెట్టింది. అమలుకొచ్చేసరికి వైకల్య ధ్రువపత్రం, పింఛను, కాస్త ఫిజియోథెరపీతో బాధ్యత తీరిందనుకుంటున్నారు. అవన్నీ కావలసినవే. కానీ దాహమేస్తే చెప్పుకోలేని బిడ్డకు అవి సరిపోవు.

ఖరీదైన యంత్రాలు లేకుండానే ఈ పద్ధతులు నేర్పడం మొదలుపెట్టవచ్చు. స్నానానికి ముందు రోజూ అదే తువ్వాలును, అన్నానికి ముందు అదే గిన్నెను చేతికి తాకించాలి. ఇంట్లో అందరూ, బడిలో టీచరూ అదే పద్ధతి పాటించాలి. కొన్నాళ్లకు ఆ స్పర్శతోనే తరవాత ఏం జరగబోతోందో బిడ్డకు తెలుస్తుంది. మరికొన్నాళ్లకు ఆకలేసినప్పుడు తానే గిన్నెను వెతుక్కోవచ్చు. చూపున్న పిల్లలకైతే కావలసినదాన్ని చూపించి అడిగే బొమ్మల పలక చాలు. చేతులు సహకరించకపోతే కళ్లు పైకెత్తడమే 'అవును' అవుతుంది. అడిగాక ఆగడమే అన్నింటికన్నా కష్టం. బిడ్డ కండరాలు కూడదీసుకునేలోపే పెద్దలు తామే జవాబు చెప్పేస్తారు. బొమ్మలకు అలవాటు పడితే ఇక మాటలు రావన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంది. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించడం లేదు.

ఇవన్నీ నేర్పాల్సింది ప్రత్యేక ఉపాధ్యాయులు. ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు ఉండాలన్న నిష్పత్తిని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ముందుకు తెచ్చింది. ఆ లెక్కన రెండు తెలుగు రాష్ట్రాలూ శాశ్వత నియామకాలు చేపట్టాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో పనిచేస్తున్నవారికి సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ వంటి చోట్ల ఈ పద్ధతుల్లో శిక్షణ ఇప్పించాలి.

నియామకాలు పూర్తయ్యేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. బిడ్డ 'అవును' ఎలా చెబుతుందో, 'వద్దు' ఎలా చెబుతుందో, నొప్పి పుడితే ఏం చేస్తుందో తల్లికి తెలుసు. ఆమెను అడిగి ఒక పేజీలో రాసి, టీచరు మారినా ఆసుపత్రికి వెళ్లినా బిడ్డ వెంట ఉండేలా చూడాలి. విద్యాశాఖలు ఈ విద్యా సంవత్సరంలోనే దీన్ని తప్పనిసరి చేయాలి.