ఎండ కావాలి, వేడి వద్దు: సోలార్ ప్యానెల్‌లో నానో పొరల లెక్క

సోలార్ ప్యానెల్‌కు ఆ నీలం రంగు, లోపల కరెంటు పుట్టించే సిలికాన్ వల్ల వచ్చింది కాదు. ఉత్త సిలికాన్ ఉక్కురేకులా మెరుస్తూ, మీద పడ్డ వెలుగులో 30 శాతానికి పైగా తిప్పికొడుతుంది. అందుకే పైన సుమారు 75 నానోమీటర్ల మందాన (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తారు. పొర పైభాగం నుంచి, అడుగు నుంచి వెనక్కొచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి; కాస్త నీలం మాత్రం మిగిలి కంటికి కనిపిస్తుంది. తడిరోడ్డు మీద డీజిల్ చుక్క రంగులీనేదీ ఇలాంటి లెక్కతోనే.

ఎండలు మండే తిరుపతి, చిత్తూరు వాళ్లకు మాత్రం పొరలు చేసే రెండో పనే ముఖ్యం. సిలికాన్ స్ఫటికం ఉపరితలంలో పరమాణు బంధాలు తెగి ఉంటాయి. వెలుగుకు పుట్టిన ఎలక్ట్రాన్లు అక్కడ చిక్కుకుని, కరెంటు కాకుండానే పోతాయి. చెరువు నిండినా కట్టకు గండ్లుంటే ఏం లాభం? ఆ గండ్లు పూడ్చేవే నానో పొరలు. సెల్ అంటే ప్యానెల్‌లో కరెంటు పుట్టించే ఒక్కో పలక. వాటిలో కొత్త రకాలైన టాప్‌కాన్ సెల్‌లో సుమారు ఒకటిన్నర నానోమీటర్ల ఆక్సైడ్ పొర, హెటిరోజంక్షన్ సెల్‌లో కొన్ని నానోమీటర్ల అమార్ఫస్ (స్ఫటిక రూపం లేని) సిలికాన్ ఈ పనికే ఉన్నాయి. గండ్లు పూడితే సెల్ వోల్టేజీ పెరుగుతుంది. వోల్టేజీ ఎక్కువున్న సెల్ వేడికి తక్కువ నష్టపోతుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో దీని విలువ తెలుస్తుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పుడు కొలిచినవి. మన మిద్దె మీద మిట్టమధ్యాహ్నం సెల్ వేడి 65 డిగ్రీలకు చేరడం వింతేం కాదు. పాత తరహా పెర్క్ సెల్ డిగ్రీకి సుమారు 0.35 శాతం సామర్థ్యం పోగొట్టుకుంటుంది, హెటిరోజంక్షన్ సుమారు 0.25 శాతం. 40 డిగ్రీల తేడాకు ఒకటి 14 శాతం కోల్పోతే ఇంకొకటి 10. మూడు కిలోవాట్ల ఇంటి ప్యానెళ్లకు ఆ గంటలో 120 వాట్ల తేడా. ఏసీలు, బోర్లు కరెంటు లాగేదీ అప్పుడే.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు కేంద్రం 78 వేల రూపాయల దాకా రాయితీ ఇస్తోంది. ఆ లెక్క ప్యానెల్ మీద రాసిన వాట్లదే, వేడిలో మిగిలే వాట్లది కాదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. రాయలసీమలో కొనేవాళ్లు ధర కంటే ముందు ఉష్ణోగ్రత గుణకం, అంటే డిగ్రీకి పోయే శాతం, ఎంతో అడగాలి. అది ప్యానెల్‌తో కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో (డేటాషీట్) ఉంటుంది.

ఇక పరిశోధన మాట. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగం రాగి, తగరం, గంధకం లాంటి మూలకాల పలుచని పొరలపై దశాబ్దాలుగా పనిచేస్తోంది. అవి సిలికాన్ సెళ్లు కావు, నిజమే. అయినా నానోమీటర్ల మందంలో పొర వేసి, కొలిచి, లోపం పట్టే నేర్పు ఆ ల్యాబుల్లో ఉంది. 2015లో మొదలై, ఇప్పుడు ఏర్పేడు దగ్గరున్న తిరుపతి ఐఐటీ కూడా ఉంది. ఈ రెండూ కలిసి పెర్క్, టాప్‌కాన్, హెటిరోజంక్షన్ ప్యానెళ్లను ఒకే మిద్దె మీద పక్కపక్కన పెట్టి, ఏడాది పొడవునా కొలతలు తీసి, వాటిని తెలుగులో అందరి ముందూ పెట్టాలి. వచ్చే వేసవికల్లా మొదలుపెట్టడానికి ఒక మిద్దె, కరెంటు కొలిచే కొన్ని మీటర్లు చాలు.