సవరణ: నాన్‌వోవెన్ సంచి గుడ్డ సంచి కాదు

ఒడిశాలోని బరంపురం పెళ్లిళ్లలో తాంబూలానికిచ్చే సంచుల గురించి పోయిన వారం రాసినదానిలో "నాన్‌వోవెన్ గుడ్డతో సమానం, దానిపై ఏ ముద్రణైనా పడుతుంది" అన్న వాక్యం ఉంది. దాన్ని కొట్టివేసి ఇది చదువుకోండి.

నాన్‌వోవెన్ చేతికి గుడ్డలాగే తగులుతుంది గానీ అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఒక మూల కత్తిరించి నిప్పు చూపండి: ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మిగులుతుంది. నూలు గుడ్డయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గిన నాన్‌వోవెన్ సంచులు 2021 సెప్టెంబరు 30 నుంచి దేశమంతటా నిషేధం. చవకగా వస్తున్నాయని పలుచనివి కొనకండి.

ఇక ముద్రణ. నూలు సంచిపై వాడే ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకు గట్టిపడటానికి సుమారు 160 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి నాన్‌వోవెన్ నిలవదు; గాలికి ఆరే ఇంకుతోనే స్క్రీన్ (జాలీ గుండా ఇంకు తోసే ముద్రణ) వేయాలి. సబ్లిమేషన్ (రంగుల ఫొటోను వేడితో బట్టలోకి ఎక్కించే పద్ధతి) పాలిస్టర్‌కే పట్టుతుంది, నూలుపై ఉతికితే వెలిసిపోతుంది. వధూవరుల రంగుల ఫొటో కావాల్సిందేనని పట్టుబట్టే పెళ్లివారికి (ప్రతి సీజన్‌లోనూ ఉంటారు) ఈ మాట ముందే చెప్పండి.

కాగితపు సంచికి ఆఫ్‌సెట్‌లో (ప్రెస్సులో ప్లేటుతో వేసే అచ్చు) షీటు మీద అచ్చువేశాకే మడిచి అంటిస్తారు. తయారైన సంచి తీసుకెళితే సాధారణంగా స్క్రీనే దారి.

జనపనార సంచిపై తెలుగు, ఒడియా రెండూ వేయించేవారు అక్షరాలు లావుగా పెట్టించండి. ముతక నేతలో "లక్ష్మి" కింది వత్తులు పూడుకుపోతాయి. అడ్వాన్సు ఇచ్చేముందు అదే సంచిపై ఒక నమూనా అడగండి.