సవరణ: బొలెరోకి జినాన్ లైట్ల గురించి నేను పెట్టిన పోస్ట్‌లో తప్పుంది

పోయిన వారం మా బొలెరో హెడ్‌లైట్లకి జినాన్ కిట్ (ఫిలమెంట్ తీగ లేకుండా జినాన్ వాయువుతో తెల్లగా వెలిగే బల్బులు) వేయించినప్పుడు ఒక మాట రాశాను, కంపెనీ హాలోజన్ బల్బు 55 వాట్లు కదా, ఇది 35 వాట్లే, కాబట్టి ఎదుటోళ్ల కళ్ళల్లో కొట్టదు, ఎవరైనా వేయించుకోవచ్చు అని. అది తప్పు, తెలుసుకోకుండా రాసేశాను.

వాట్లు అంటే తినే కరెంటు, ఇచ్చే వెలుతురు కాదు. బల్బు తయారీ స్పెసిఫికేషన్లు చూస్తే హెచ్4 రకం హాలోజన్ బల్బు లో బీమ్‌లో (డిమ్ లైట్‌లో) ఇచ్చేది సుమారు 1000 ల్యూమెన్లు (వెలుతురు కొలత), 35 వాట్ల జినాన్ ఇచ్చేది 3000 దాకా. అసలు సంగతి ఇంకోటుంది. పాత బల్బు తీసి చూస్తే లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది, వెలుతురు పైకి పోకుండా ఆపేది అదే, బల్బు వెనక వెలుతురుని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్‌ని కూడా ఆ సన్నటి ఫిలమెంట్‌కే లెక్కకట్టి చేస్తారు, అందులో జినాన్ పెడితే వెలుతురు ఎటు పడితే అటు చిమ్ముతుంది. రాత్రి మా గోడ మీద వేసి చూశా, హాలోజన్‌కి గీత గీసినట్టున్న అంచు దీనికి లేనే లేదు, పైదాకా తెల్లగా పాకింది. ఎదురుగా బైక్ మీద వచ్చేవాడి మొహం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

కిట్ తీయించేసి మళ్ళీ 60/55 వాట్ల (హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55) హాలోజనే పెట్టించాను. నా పోస్ట్ చూసి ఎవరైనా ఆర్డర్ పెట్టుంటే దయచేసి క్యాన్సిల్ చేయండి.