ఆక్సీమీటరు అంకె బాగుంటే ఆయాసం లేనట్టేనా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఆక్సీమీటరు 95 దాటి చూపితే ఊపిరితిత్తులు బాగున్నట్టేననీ, అనుమానముంటే ఊదించే పరీక్ష చాలుననీ, రోగిని ప్రశ్నలడిగి మార్కులు వేయడం కాలయాపన అనీ, పైగా ఆ ప్రశ్నలు విదేశాలవనీ దాని సారాంశం. సీఓపీడీ అనే, గాలిగొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడేవారికి ఇది హాని చేసే మాట.

ఆక్సీమీటరు చెప్పేది ఆ క్షణంలో రక్తంలోని హిమోగ్లోబిన్ ఎంత శాతం ప్రాణవాయువును మోస్తోందన్నది మాత్రమే. కూర్చున్నప్పుడు 96 ఉన్నవారికే నడకలో అది పడిపోవచ్చు. పడిపోకపోయినా ఆయాసం రావచ్చు. ఈ వ్యాధిలో గాలిగొట్టాలు ఇరుకై, వదలవలసిన గాలి లోపలే చిక్కుకుపోయి, ప్రతి శ్వాసకూ ఛాతీ కండరాలు అదనంగా శ్రమిస్తాయి. ఆ శ్రమ వేలికి పెట్టిన పరికరానికి కనబడదు.

ఊదించే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, వ్యాధి నిర్ధారణకు తప్పనిసరి. ప్రశ్నావళి దాని స్థానాన్ని తీసుకోదు. అయితే మొదటి సెకనులో ఊదిన గాలికీ, మనిషి దైనందిన జీవితానికీ ఉన్న సంబంధం బలహీనమైనది. ఆ కొలత సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరు సంతకు వెళ్లి వస్తుండగా, మరొకరు స్నానం చేసి బట్టలు కట్టుకునేసరికే అలసిపోవచ్చు. పల్మనరీ రీహాబిలిటేషన్, అంటే వ్యాయామంతో, శిక్షణతో చేసే ఊపిరితిత్తుల పునరావాస చికిత్స తర్వాత ఆ కొలత దాదాపు మారకపోయినా నడక, ఆయాసం, ధైర్యం మెరుగుపడతాయి. అడగకపోతే ఆ మేలు నమోదే కాదు.

రోగి మాట కొలత కాదనడమూ సరికాదు. ఊపిరితిత్తుల వ్యాధి రోగి జీవితాన్ని ఎంత బాధిస్తోందో కొలిచే, 1992లో ప్రచురితమైన సెయింట్ జార్జ్ ప్రశ్నావళిలో 50 అంశాలు, 0 నుంచి 100 వరకు మార్కులు ఉంటాయి. ఎక్కువైతే బాధ ఎక్కువ, 4 మార్కుల తేడాను రోగికి తెలిసేంత మార్పుగా లెక్కిస్తారు. 2009 నాటి సీఓపీడీ అసెస్‌మెంట్ టెస్ట్, క్లుప్తంగా క్యాట్‌లో 8 ప్రశ్నలకు 40 మార్కులు. అక్కడ 2 మార్కుల తేడా చాలు. దగ్గు, కఫంతోపాటు నిద్ర, సత్తువ, ఇల్లు దాటి వెళ్లే ధైర్యం గురించి కూడా అది అడుగుతుంది.

ప్రశ్నలు విదేశాలవన్న అభ్యంతరంలో మాత్రం కొంత నిజముంది. మేడ లేని ఇంట్లో ఉండేవారిని మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అంటే ఏం చెబుతారు? అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కాల్చే పొగ పీల్చినవారో, నెల్లిమర్ల జూట్ మిల్లు దుమ్ములో పనిచేసినవారో, కట్టెలపొయ్యి ముందు వండిన అత్తగారో, ఆయాసం తెచ్చే పనులను ఒక్కొక్కటిగా వదిలేసి, "ఇప్పుడు ఆయాసం లేదు బాబూ" అంటారు. నిజంగా తగ్గిందా, పని మానేశారా అన్నది విచారించవలసిందే. అలాగని ఎవరికి వారు ప్రశ్నలు మార్చేస్తే మార్కులు పోల్చడానికి పనికిరావు. పరీక్షించి చూసిన తెలుగు ప్రతినే వాడి, మానేసిన పనులను పక్కన విడిగా రాసుకోవాలి. చదువు రానివారికి ప్రశ్నను ఉన్నదున్నట్టు చదివి వినిపించాలి. జవాబు కొడుకో కోడలో కాక రోగే చెప్పాలి.

ఇక కాలయాపన సంగతి: క్యాట్ పూర్తిచేయడానికి కొద్ది నిమిషాలు చాలు, యంత్రమేదీ అక్కరలేదు.