మొగ్గకి మనిషి పట్టాడు

ఏడాది పొడవునా మందార కుండీ వైపు కన్నెత్తి చూడని ఇంటాయనకి వసంతం రాగానే కొమ్మ చివర బఠాణీ గింజంత మొగ్గ కనబడుతుంది. అంతే, దానికి మూడినట్టే.

పొద్దున్నే ఒక చెంబు నీళ్లు. మధ్యాహ్నం ఎండకి సొమ్మసిల్లిందేమోనని ఇంకో చెంబు. పడుకోబోయే ముందు మరొకటి. మట్టిలో గాలాడక వేర్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. అప్పుడు మొక్క ముందుగా వదిలించుకునేది మొగ్గల్నే. రెండు కణుపుల లోతున వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. అడుగు కన్నంలోంచి కారేదాకా పోసి, మళ్లీ మట్టి ఆరేదాకా ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే చేతకాదు.

తొందరగా పూస్తుందని గుప్పెడు యూరియా కూడా పడుతుంది. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుల పనిలో పడి పూల మాట మరిచిపోతుంది. చూడ్డానికొచ్చిన వాళ్లు "అబ్బ, ఎంత పచ్చగా ఉందండీ!" అంటే ఆయన పొంగిపోతాడు.

ఇక ఫోటోలు. వెలుతురు చాల్లేదని కుండీని నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి గోడ పక్కకి ఈడుస్తాడు. మొగ్గ తొడిగిన మందారానికి ఈ కాపురాల మార్పిడి పడదు. మొగ్గ పసుపుబారి, తొడిమ దగ్గర ఊడి పడుతుంది.

అయితే నేరమంతా ఆయనదే అనడానికీ లేదు. రాలిన మొగ్గని విప్పి చూడాలి. లోపల సన్నటి గీతల్లాంటివి గబగబా పాకుతుంటే తామర పురుగులు. కాడ మీద తెల్లటి దూదిలాంటి పూత, దాని చుట్టూ చీమల బారు ఉంటే పిండినల్లి. లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, అది కలవడానికి కొన్ని చుక్కల ద్రవ సబ్బు వేసి, ఎండ తగ్గాక ఆకుల అడుగు భాగం కూడా తడిసేలా కొట్టాలి. రాలిన మొగ్గల్ని కుండీలోనే వదిలేస్తే పురుగుకి అద్దె లేకుండా ఇల్లిచ్చినట్టే.

ఇన్ని గండాలు గడిచి ఒక్క మొగ్గ మిగిలిందనుకుందాం. రేకుల చుట్ట పచ్చటి తొడుగుని దాటి పొడుగ్గా బయటికొస్తే తెల్లారేసరికి విచ్చుకుంటుందన్నమాట. ఆయన ఊళ్లో వాళ్లందర్నీ సాయంత్రం రమ్మంటాడు. చాలా రకాల మందారాలు ఒక్కరోజు పూలే. వచ్చిన వాళ్లకి ముడుచుకున్న రేకులు కనబడతాయి.

సాయంత్రమే పిలవాలనుకుంటే మల్లె దగ్గరికి పిలవడం మేలు, అది విచ్చుకునేదే అప్పుడు. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీద కాబట్టి చలి తగ్గుతుండగానే కొమ్మలు కత్తిరించి ఉంచాలి. మొగ్గలొచ్చాక గుర్తొచ్చి కత్తెర పట్టుకెళితే, వచ్చిన వాళ్లకి మోళ్లు చూపించి పంపాలి.